పొగ లేని రోజులు

పొగ లేని రోజు 1,407

ఈ అంకె నేను పెట్టింది కాదు. మా జీలుగుమెట్ట నడిబొడ్డున సంస్థవాళ్ళు పాతిన బోర్డు మీద తెల్లారేసరికల్లా దానంతట అదే మారుతుంది. పొగ వచ్చిందంటే సున్నాకి పడిపోతుంది. మా పిల్లలు పుట్టినరోజులు కూడా ఆ అంకెలోనే చెప్పుకుంటారు.

ఇవాళ సోమవారం కాబట్టి ముక్కులు తుడిచే పని. అడవిలో నూరు అడుగులకో చెట్టుకి పొగవాసన పసిగట్టే పరికరం బిగించి ఉంటుంది. దానికేదో పొడుగాటి పేరుంది, మేం ముక్కు అంటాం. అందులో సాలీళ్ళు గూళ్ళు అల్లుతాయి, కందిరీగలు మట్టి మెత్తుతాయి. కోడి ఈకతో అదంతా తుడిచి, ఆ చెట్టు మొదలు టేపుతో కొలిచి, సాయంత్రం బడి గోడకి సంస్థవాళ్ళు బిగించిన మాట్లాడే పెట్టెకి చెప్పాలి. పెట్టె విని నాకు ధన్యవాదాలు చెబుతుంది. పదకొండేళ్ళుగా రోజూ చెబుతోంది. మా ఆయన సోమి ఇంతవరకూ ఒక్కసారీ చెప్పలేదు, అది వేరే సంగతి.

నా పేరు పల్లాల సింగారి. ఈ ఊరి కావలిదాన్ని. మా చెట్లు పీల్చుకునే గాలిని ఎక్కడో పట్నాలవాళ్ళు కొనుక్కుంటారు. వాళ్ళ మేడలు చల్లగా నడవాలంటే మా అడవి పచ్చగా ఉండాలట. సంస్థ వచ్చాక మాకు బడి వచ్చింది, మందుల గది వచ్చింది, కట్టెల పొయ్యి పోయి ఎండతో వండే పొయ్యి వచ్చింది, మెట్టని తవ్వడానికి వచ్చిన యంత్రాలు వెనక్కి పోయాయి. అందుకని నేను సంస్థని ఊరికే తిట్టను. వాళ్ళ షరతు ఒక్కటే. మూడు పొగలు వస్తే ఊరిని ఖాళీ చేయించి కొండ కిందికి దింపేస్తారు. మాకు రెండు అయిపోయాయి.

నేను ఎంత చెప్పినా పెట్టె తనకి కావలసిన నాలుగు ముక్కలే ఉంచుకుంటుంది. మిగతాది ఏ గాలికి పోతుందో తెలియదు. అందుకే పాత కొలతల పుస్తకంలో వెనకవైపు నుంచి ఇది మొదలుపెట్టాను.

ఇవాళ పాలవాగు దగ్గర వెదురు పొదలో కొమ్మల చివర కంకుల్లాంటివి కనిపించాయి. మొదట ఏదో తెగులేమో అనుకున్నాను. నలిపి చూస్తే వేళ్ళకి పుప్పొడి అంటింది. వెదురు పూసింది. నాకు నలభై ఒకటి, వెదురు పువ్వు చూడడం ఇదే మొదలు.

పొగ లేని రోజు 1,408

వెదురు పూసిందని పెట్టెకి చెప్పాను. అది కాసేపు గుర్రుమని, "శుభవార్త. మీ వనమునందు వైవిధ్య సూచిక పెరిగినది. అభినందనలు, సింగారి గారూ" అంది. మధ్యాహ్నానికల్లా ఐదారు రేకు పక్షులు వచ్చి పొదల చుట్టూ తిరిగాయి. పట్నంలో ఎవరో ఇంట్లో కూర్చుని వాటి కళ్ళతో మా అడవి చూస్తారు. ఒకటి నా మొహం దాకా దిగి ఆడగొంతుతో "సో బ్యూటిఫుల్" అంది. చీపురు చూపిస్తే పోయింది.

మా పక్క ఇల్లు బుల్లిరెడ్డి మామది. ఆయన మా అమ్మకి తమ్ముడు, సోమికి తండ్రి. నాకు మేనమామా ఆయనే, మామగారూ ఆయనే. పదకొండేళ్ళుగా నాతో మాట్లాడడు. నాకేదైనా చెప్పాలంటే, నేను పెరట్లో అంట్లు తోముతున్నప్పుడు వచ్చి తన కోడితో చెబుతాడు. నేను వింటాను, కోడి వినదు. ఇప్పటికి ఆరు కోళ్ళు మారాయి.

"ఏవే నల్లదానా," అన్నాడు ఇవాళ. "ఎదురు పూసిందంట. పూసిందంటే సచ్చిందనే. ఒక పొదా రెండు పొదలా కాదు, మెట్ట మీదా, వాగవతలా అంతా ఒక్కపాలే సత్తది. నా ఇరవయ్యారో ఏట పూసింది గదా, సూసేను. ముందు ఎలకలొత్తాయి. ఎనకాల పావులొత్తాయి. ఆటెనకాల అగ్గొత్తది. అప్పుడు మేవే ముందుగా పెట్టేసుకున్నాం గాబట్టి మిగిలేం. ఇప్పుడెవడు పెడతాడే? పెడితే పట్టిచ్చేత్తారు."

ఆ చివరి మాట నాకు తగలాలనే అన్నాడు, తగిలింది.

కావలిలో చేరిన మూడో నెల అది. మాఘం. మామ ఏటా పెట్టినట్టే రాలిన ఆకు కింద చిన్న నిప్పు పెట్టాడు. నిప్పు కనిపిస్తే చెప్పమని శిక్షణలో నేర్పారు, చెప్పాను. అదే మొదటి పొగ. ఆయన్ని ఆరు నెలలు కిందికి తీసుకుపోయి అడవిని ఎలా కాపాడాలో నేర్పించి పంపారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అడవిలో తిరిగిన మనిషికి! తిరిగొచ్చాక ఆయన చెకుముకి రాయి ముట్టలేదు, నాతో మాట్లాడలేదు. రెండో పొగ మా అత్త చితిది. అది నేను చెప్పలేదు, ముక్కే పట్టేసింది. అయినా చితి పక్కన నిలబడి మామ నావైపే చూశాడు. ఈ బోర్డు మీద రోజులు ఆ రోజు నుంచి లెక్క.

పొగ లేని రోజు 1,468

ఎలుకలు వచ్చాయి.

వెదురు గింజ రాలింది. వెదురు బియ్యంతో పది రోజులు ఊరంతా జావ కాచుకున్నాం. కమ్మగా ఉంది. మేం తిన్నది ఎంతలే, కింద జానెడు మందాన పడింది. ఎక్కడున్నాయో ఇన్ని ఎలుకలు! నడుస్తుంటే ఆకు కింద నేల కదులుతున్నట్టుంటుంది. బడిలో పలకల చెక్క కొరికాయి. సోమి పంచె కొరికాయి. ముక్కుల తీగలు ఇరవై రెండు కొరికాయి. వాటికి వెదురు గొట్టాలు తొడిగి సాయంత్రానికి నడుం పడిపోయింది.

మందుల గదిలో పాము కాటు సూదులు నాలుగే ఉన్నాయని పెట్టెకి చెప్పాను. ముక్కుల తీగలకి గొట్టాలు తొడిగినందుకు ధన్యవాదాలు చెప్పింది.

పొగ లేని రోజు 1,490

కొండ రంగు మారింది. వెదురు మొత్తం ఎండిపోయి గడ్డివాము రంగుకొచ్చింది. గాలి వీస్తే గలగలా ఒకటే మోత. పదకొండేళ్ళుగా ఎవరూ నిప్పు పెట్టలేదు కాబట్టి కింద ఆకు అలాగే ఉంది. ఇవాళ ముక్కు తుడవడానికి వెళితే మోకాలి దాకా దిగబడ్డాను. అగ్గిపెట్టెలో పుల్లల మధ్య కాపురం ఉన్నట్టుంది మా పని.

హిమజ మేడం వచ్చింది. సంస్థ తరఫున ఆర్నెల్లకోసారి వస్తుంది. మంచి మనిషి, వచ్చిన ప్రతిసారీ చెప్పులు వాకిట్లోనే విప్పుతుంది. ఆమెని వెదుర్లోకి తీసుకెళ్ళి చూపించాను.

"మేడం, మాఘం దాటకుండా పెట్టాలండి. ఇప్పుడైతే నేల మీద మంచుంటది, అగ్గి పాకుతాది గానీ లేవదు. చెట్ల మొదళ్ళకాడ ఆకు లాగేసి, పైనుంచి కిందకి, వాగు దాకా ఒక గీత కాల్చుకుంటాం. అంతేనండి. పెద్ద చెట్టు ఒక్కటీ పోదు."

ఆమె ఎండు వెదురుని పట్టుకుని చూసింది. చేతిలోనే పుటుక్కున విరిగింది.

"నాకు అర్థమైంది సింగారీ. నిజంగా అర్థమైంది. కానీ పొగని పొగ అనే లెక్కపెడతారు. మంచి పొగ, చెడ్డ పొగ అని అందులో రెండు గడుల్లేవు. నేను రాసి పంపుతాను."

"ఎప్పటికొత్తదండి జవాబు?"

"తొందర పెడతాను."

పొగ లేని రోజు 1,506

జవాబు వచ్చింది. పెట్టె చదివింది. "మీ ఆందోళన మాకు అమూల్యమైనది. మీ వినతి తదుపరి సమావేశమునందు పరిశీలింపబడును. సమావేశము జూన్ మాసము నాలుగవ వారము." అప్పటికి తొలకరి పడి పది రోజులవుతుంది. వాన పడ్డాక నిప్పు పెట్టుకోవడానికి అనుమతి ఇస్తారు కాబోలు! ఇల్లు కాలాక బావి తవ్వడం అంటే ఇదే. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

పొగ లేని రోజు 1,509

వాగు దాటి నేరేడుగొంది వెళ్ళాను. అక్కడ మనుషులు లేరు. నాలుగేళ్ళ కిందట మూడో పొగ పడి దింపేశారు. ఎవరో పిల్లాడు తేనెపట్టుకి పొగ పెట్టాడు, అదే మూడోది.

దింపినప్పుడు నేను చూశాను. డ్రైవరు లేని బండి వచ్చింది. పట్టీలో ఎంతమంది పేర్లుంటే అన్ని సీట్లు. ఎవరినీ చెయ్యి పట్టి లాగలేదు, గట్టిగా ఒక మాట అనలేదు. "దయచేసి ఆసీనులు కండి" అని చెబుతూనే ఉంది. అందరూ కూర్చుంటే గానీ అది కదలదు. ఒక ముసలాయన మధ్యలో లేచి పొదల చాటుకి వెళితే మూడు గంటలు ఆగిపోయింది. అప్పుడు మేం నవ్వుకున్నాం. ఇప్పుడు వాళ్ళు కాలనీలో ఎనిమిదో అంతస్తులో ఉన్నారు. ఫోన్ చేసి వాగు చప్పుడు వినిపించమంటారు.

ఆ ఊళ్ళో ఇవాళ ఇళ్ళ కప్పుల మీద కూడా వెదురు ఎండి వాలి ఉంది. దారి లేదు. ఆకు నా నడుం దాకా వచ్చింది. ఒక్క పిట్ట అరవలేదు. పైన మబ్బు లేకుండానే ఎక్కడో ఉరిమింది. వెనక్కి వచ్చేశాను, నడిచి కాదు, పరిగెత్తి.

పొగ లేని రోజు 1,511

మామ వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఆయన బుట్ట అల్లుతున్నాడు. తల ఎత్తలేదు.

"మావా, తప్పు నాదే," అన్నాను. "నువ్వు పెట్టిన అగ్గి ఎందుకో నాకు తెలుసు. సిన్నప్పుడు నీ భుజాలెక్కి సూసేదాన్ని గదా. తెలిసే సెప్పేను. కొత్త ఉజ్జోగం, కొత్త సొక్కా. మంచిదాన్నని అనిపించుకుందావనుకున్నాను. అత్త చితికాడ నువ్వు నన్ను సూసిన సూపు ఇప్పటికీ నిద్దర్లో కనబడతాది. తిట్టు మావా. తిట్టి, ఎలా పెట్టాలో సెప్పు."

అల్లుతున్న వరస పూర్తి చేశాడు. తర్వాత కోడిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఇనవే నల్లదానా. మొదళ్ళకాడ ఆకు మూరెడు దూరం లాగెయ్యాలి. కాలితే సెట్టుకి పొక్కు రాకూడదు. గాలికి ఎదురుగా పెట్టాలి, పైనుంచి కిందకి. అగ్గి వొత్తినే పెట్టకూడదు. అది బెమ్మాండవైనది. పెట్టినోళ్ళు ఆరేదాకా కూకోకూడదు. కూకుంటే కునుకొత్తది, కునుకొత్తే అగ్గి లేత్తది. సెట్టుకి ఆనుకోకూడదు, గోడకి ఆనుకోకూడదు. మడిసికి ఆనుకోవచ్చు. ఆరిందని పెద్దోడు సూసి 'కూకో' అంటేనే కూకోవాలి. మా అయ్య ఒకపాలి మూడు రోజులు నిలబడ్డాడు."

కోడి నిద్రపోయింది. నాకు మాత్రం ఒక్క అక్షరం పోలేదు.

పొగ లేని రోజు 1,514

బడి ముందు ఊరంతా కూర్చున్నాం. ముప్ఫై ఒక్క మంది. పెడితే మూడో పొగ, ఊరు పోతుంది. పెట్టకపోతే ఊరూ అడవీ మనుషులూ పోవచ్చు. అందరికీ తెలిసిన సంగతే, అయినా అందరూ అరిచారు.

"బడెవరిస్తారు? మందులెవరిస్తారు? ఈ ఏడు పిడుగు పడొచ్చు, పడకపోవచ్చు. నువ్వెళ్ళి అగ్గెట్టి ఊరిని దింపేత్తావా?" అన్నాడు సోమి. ఆయన భయం తప్పు కాదు. మా పిల్ల ముత్యానికి ఆయాసం. మందుల గది లేకపోతే దాని సంగతి తలుచుకోలేను.

"దింపితే కిందనైనా బతుకుతాం," అన్నాను. "అది వొచ్చిందంటే దిగడానికి మనవుండం."

ముక్కులకి మైనం పెట్టి మూసేద్దామన్నారు ఎవరో. పైన ఆకాశంలో సంస్థవాళ్ళ కన్ను తిరుగుతుంది, అది చూస్తుంది. దొంగతనంగా పెట్టే నిప్పు హడావుడిగా పెట్టాల్సి వస్తుంది. నేను చెప్పే పెడతానన్నాను. చివరికి చేతులెత్తమంటే సోమి చెయ్యి అందరికన్నా ఆఖరున లేచింది, లేచింది మాత్రం.

పెట్టడం ఎవరన్నది మిగిలింది. మామ చెకుముకి సంచి తెచ్చి నేల మీద పెట్టాడు. ఆయనకి డెబ్భై రెండు, మోకాళ్ళు సరిగా లేవు. రోజంతా నిలబడలేడు. ఆ సంచి నేను తీసుకున్నాను. ఆయన వద్దనలేదు.

పొగ లేని రోజు 1,519

నాలుగు రోజులుగా ఊరంతా చీపుర్లతో అడవి ఊడుస్తున్నాం. ప్రతి చెట్టు మొదలు చుట్టూ మూరెడు మేర నేల కనిపిస్తోంది. ఫాల్గుణం వచ్చేసింది, మంచు వాగు గొందిలోనే కాస్త మిగిలింది. ఇంకో వారం ఆగితే అదీ ఉండదు.

సాయంత్రం పెట్టె ముందు నిలబడి, శిక్షణలో నేర్పినట్టు స్పష్టంగా చెప్పాను. "పల్లాల సింగారి, కావలి. ఎండిన వెదురు వల్ల పెద్ద నిప్పు వచ్చే ప్రమాదం ఉంది. దాన్ని ఆపడానికి రేపు తెల్లవారి పైగట్టు నుంచి పాలవాగు దాకా నేను నిప్పు పెడుతున్నాను. అవతల నేరేడుగొందిలో ఎవరూ లేరు, అక్కడ కూడా ఒక గీత కాల్చడానికి మనుషుల్ని పంపండి. లేకపోతే ఆ అడవి దక్కదు."

గుర్రుమంది. ధన్యవాదాలు చెప్పింది.

పొగ లేని రోజు 0

కల్లు గీసే జీలుగు చెట్టు మట్టల మొదట్లో దూదిలాంటిది ఉంటుంది. దాన్ని మామ ఇచ్చిన రాయి మీద పెట్టి ఇనుముతో కొడితే నాలుగో దెబ్బకి అంటుకుంది. పదకొండేళ్ళ తర్వాత చేతిలో నిప్పు. భయం వేసింది, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆనందం కూడా వేసింది.

నిప్పు పిల్లిలా పాకింది. పైగట్టు నుంచి మెల్లగా, చీలమండ ఎత్తున, ఆకు తింటూ దిగింది. వెదురు కణుపులు టపటపా పేలాయి. ఎక్కడైనా లేస్తే పచ్చి కొమ్మలతో కొట్టాం. ముత్యాన్ని తడిగుడ్డ మొహాన కప్పి బడిలో ఉంచాం. పెద్ద చెట్ల మొదళ్ళ దగ్గరికి వచ్చి, తినడానికి ఏమీ లేక, పక్కనుంచి పోయింది. ఎలుకలు మా పాదాల మీంచి పరిగెత్తాయి. నేను నిలబడే ఉన్నాను. ఆ పగలు, మర్నాడు మధ్యాహ్నం దాకా. జావ సోమి నా నోటికి అందించాడు. కాళ్ళు కర్రల్లా అయిపోయాయి. సోమి భుజానికి ఆనుకుని కళ్ళు మాత్రం తెరిచే ఉంచాను.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చాక మామ గీతంతా నడిచి వచ్చాడు. బూడిదలో చెయ్యి పెట్టి పెట్టి చూశాడు. ఆరు చోట్ల నీళ్ళు పోయించాడు. తర్వాత నా ముందుకొచ్చాడు. చేతిలో కోడి లేదు.

"కూకో," అన్నాడు.

పదకొండేళ్ళకి నాతో మాట్లాడిన మొదటి మాట అది. కూర్చుని, ఆయన కాళ్ళు పట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను.

పొగ లేని రోజు 1

రేకు పక్షులు ఇవాళ వచ్చి, ఆరిన బూడిద మీద తెల్లటి నురుగు పోసి పోయాయి. పెట్టె మూడో పొగ నమోదైందని చెప్పింది. ఏడు రోజుల్లో బండి వస్తుందట. ఇళ్ళలో మూటలు కడుతున్నారు. నేరేడుగొందికి మనుషుల్ని పంపారా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ధన్యవాదాలే.

పొగ లేని రోజు 0

బోర్డు నాలుగు దాకా వెళ్ళి మళ్ళీ పడిపోయింది. ఈసారి మా వల్ల కాదు.

నిన్న మధ్యాహ్నం చినుకు లేకుండా ఉరిమింది. నేరేడుగొంది వెనక కొండ మీద పిడుగు పడడం నేను చూశాను, సోమి చూశాడు, బడిపిల్లలంతా చూశారు. గంట తిరక్కుండా ఆ కొండ లేచింది. నిప్పు పాకడం లేదు, నిలబడి పరిగెత్తుతోంది. వెదురు పేలుతుంటే వాగు ఇవతల మాకు చెవులు మూసుకుపోయాయి. ఖాళీ ఇళ్ళు ఒక్కొక్కటీ వెలిగాయి. నాలుగేళ్ళుగా మేం ఫోన్లో వినిపించిన వాగుకి అవతలి ఒడ్డున ఒక్క చెట్టు మిగల్లేదు.

వాగు దాటి రవ్వలు మా మీదికి వచ్చాయి. బూడిద మీద పడ్డాయి. ఆరిపోయాయి. అంతే. మా అడవి ఇలాగే నిలబడి ఉంది, ముత్యం నా పక్కన ఊపిరి తీసుకుంటోంది. నిప్పు మమ్మల్ని వదిలి ఉత్తరానికి తిరిగింది. అటు ఇంకా ఎన్ని ఊళ్ళు దింపేశారో, ఎంత ఎండు వెదురు ఉందో నాకు తెలుసు.

పొగ లేని రోజు 0

బండి ముందే వచ్చేసింది. బడి ముందు నిలిచి ఉంది. ముప్ఫై ఒక్క సీట్లు. హిమజ మేడం దిగింది, ఈసారి చెప్పులు విప్పలేదు.

పెట్టె చదివింది. "కారణ నిర్ధారణ పూర్తయినది. ప్రాంతమునందు తొలి పొగ జీలుగుమెట్ట నుండి వెలువడినది. కావలి పల్లాల సింగారి వాంగ్మూలము: నేను నిప్పు పెడుతున్నాను. ప్రస్తుతము మండుచున్న అగ్ని యావత్తు ఈ మూలమునకే చెందును."

తర్వాత నా గొంతే వినిపించింది. "నేను నిప్పు పెడుతున్నాను." ముందు మాట లేదు, వెనక మాట లేదు. అంత చెబితే ఆ మూడు ముక్కలు ఉంచుకుంది.

"పిడుగు పడింది మేడం," అన్నాడు సోమి. "నా కళ్ళతో సూసేను."

"నేను రాశాను సోమీ. తీసుకోలేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఎక్కండమ్మా. గాలి మారి నిప్పు ఇటు తిరిగితే ఇక్కడ ఉండడం మంచిది కాదు. సింగారీ, నువ్వు ముందు ఎక్కి కూర్చో, మిగతావాళ్ళు కూర్చుంటారు."

నేను బండి మెట్టు మీద కాలు పెట్టిన మాట నిజం. లోపల సీటు కనిపించింది, మెత్తగా, నీలంగా. కాళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. కూర్చోవాలనిపించింది కూడా. అప్పుడు పెట్టె మళ్ళీ అంది, "మండుచున్న అగ్ని యావత్తు."

దిగిపోయాను.

"మేడం, ఆ అగ్గంతా నాదేనా?"

"రికార్డులో అలాగే ఉంది."

"మారదా?"

"మారదు."

"అయితే నేను కూకోకూడదండి. మాలో అగ్గెట్టినోళ్ళు అది ఆరేదాకా కూకోరు. మీరే నాదని రాసేరు."

ముందు మామకి అర్థమైంది. ఆయన నవ్వాడు, పళ్ళు లేని నోటితో, దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత సోమికి అర్థమైంది. మూట దించి నేల మీద పెట్టాడు.

"దయచేసి ఆసీనులు కండి," అంది బండి.

పొగ లేని రోజు 0

రెండో రోజు. బండి కదల్లేదు. ముప్ఫై మంది ఎక్కి కూర్చున్నా అది కదలదు, ఎవరూ ఎక్కలేదు కూడా. పావుగంటకోసారి ఆసీనులు కమ్మంటుంది. బడిపిల్లలు దానితో పాటు అంటున్నారు. హిమజ మేడం వాకిట్లో చాప మీద కూర్చుని ఎవరికో ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. అవతల నుంచి కూడా ధన్యవాదాలే వస్తున్నట్టున్నాయి.

ఉత్తరాన ఆకాశం పగలే ఎర్రగా ఉంది. బూడిద రాలుతోంది, మా ఇళ్ళ మీద, బండి మీద, బోర్డు మీద. తొలకరికి మూడు నెలలు. మామ తండ్రి మూడు రోజులు నిలబడ్డాడట. నేను ఎన్ని నిలబడగలనో తెలియదు. పొద్దున ఒకసారి మోకాళ్ళు వంగాయి. సోమి పట్టుకున్నాడు. ఆయనకి నిద్ర లేదు, పడుకోమని పంపాను.

ఇప్పుడు మామ వచ్చి నా ముందు, వీపు నావైపు తిప్పి నిలబడ్డాడు. కర్ర రెండు చేతులతో నేలకి గుచ్చి పట్టుకున్నాడు.

"ఆనుకో," అన్నాడు.

"నీ మోకాళ్ళు మావా."

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకే. ఆనుకో."

ఆనుకున్నాను. ఈ పుస్తకం ఆయన వీపు మీద పెట్టి రాస్తున్నాను, అందుకే అక్షరాలు వంకర. ఆయన ఊపిరి తీస్తే గీత పైకి పోతోంది.

"ఆరిందా మావా?" అని అడిగాను.

ఆయనకి అటువైపు కనిపిస్తుంది. చాలాసేపు చూశాడు.

"ఇంకా లేదు," అన్నాడు. "నిలబడు."